వెనకింటికి దారి: మాట నిలవాలంటే

జీవితమంతా సివిల్ దావాలకు అంకితం చేసిన ఒక న్యాయవాది స్మృతిసభలో మాట్లాడటం నాకు గౌరవం. అన్నదమ్ములనూ ఇరుగుపొరుగునూ కోర్టు మెట్లెక్కించే తగాదాల్లో దారి తగాదా ముందుంటుంది. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

మనం కూర్చున్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాన్నే చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, 2017 నవంబరులో మొదలైన మెట్రో కలిసి ఇక్కడి గజం నేలకు విలువ పెంచాయి. ఒకే కుటుంబం ఉన్న ఇంటిస్థలం వాటాలుగా చీలుతుంది. రోడ్డు వైపు వాటాలో కాంప్లెక్సు లేస్తుంది, వెనక వాటాకు సందు మిగులుతుంది. ఆ సందు ఉన్న నేల మాత్రం ముందు వాటా వారిది. మెట్రోకు కావలసిన భూమిని ప్రభుత్వం చట్టప్రకారం సేకరించగలదు. వెనకింటి వారికి ఆ అధికారం లేదు, చాలాసార్లు పక్కవారి ఒప్పుదలే దిక్కు. ఆ ఒప్పుదల ఎంతవరకు నిలుస్తుంది?

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం రెంటిని వేరుచేస్తుంది. ఒకటి భూమిని అంటిపెట్టుకుని ఉండే హక్కు, అదే ఈజ్‌మెంట్. రెండోది కేవలం అనుమతి, అంటే లైసెన్సు. ‘మా సందులోంచి పొండి, మాకేం అభ్యంతరం లేదు’ అన్న మాట చాలాసార్లు లైసెన్సే అవుతుంది. ఆ నేల అమ్ముడుపోతే, 59వ సెక్షన్ ప్రకారం కొన్నవారు ఆ లైసెన్సుకు కట్టుబడనక్కర్లేదు. మాట ఇచ్చిన పెద్దాయన మంచివారే. మాట ఆయనతోనే ఆగిపోతుంది.

‘ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాం కదా’ అంటారు. ప్రైవేటు భూమిపై అనుభవంతో దారి హక్కు రావాలంటే, 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు శాంతియుతంగా, బహిరంగంగా, అంతరాయం లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. అనుమతితో నడిచిన కాలం ఈ లెక్కలోకి రాదు. అందుకే ‘వారి నాన్నగారు ఒప్పుకున్నారు’ అని చెబుతూనే ‘ముప్పై ఏళ్ల హక్కు’ అంటే, మొదటి మాట రెండో మాటను కొట్టేస్తుంది. ఏ హక్కు కింద అడుగుతున్నామో దావాలోనే స్పష్టంగా ఉండాలి. స్థలం మాదేనని దావా వేసి, ఈజ్‌మెంట్ ఊసెత్తని వారికి ఆ హక్కు కింద ఉపశమనం ఇవ్వడం కుదరదని 2008లో బచ్చాజ్ నహర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వాటాలు పంచుకున్నప్పుడు వేరే దారే లేకపోతే, 13వ సెక్షన్ కింద అవసరం వల్ల దారి హక్కు పుడుతుంది. అవసరం తీరితే 41వ సెక్షన్ కింద అది పోతుంది. ఒప్పందం ద్వారా ఇచ్చిన హక్కు అలా పోదని 2006లో హీరో వినోత్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పందపు బలం ఇక్కడే ఉంది.

అయితే ఆ ఒప్పందం సరిగా రాసుకున్నదై ఉండాలి. స్థిరాస్తిలో వంద రూపాయలు, ఆపై విలువైన హక్కును కల్పించే పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. దస్తావేజులో రెండు ఆస్తుల షెడ్యూళ్లు, హద్దులు, దారి వెడల్పు అడుగుల్లో, ప్లాను ఉండాలి. బండ్లు వెళ్లవచ్చా, నీటి పైపులు, కేబుళ్లు వేసుకోవచ్చా, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నవీ తేలాలి. వారసులకూ కొనుగోలుదారులకూ వర్తిస్తుందని రాయాలి. అంత స్పష్టంగా ఉంటే, అడ్డుగోడ లేచిన రోజున ఇంజంక్షన్ కోరే వారి చేతిలో బలమైన ఆధారం ఉంటుంది. దారి ఇచ్చినవారికీ మేలే: ఎంత ఇచ్చారో అంతకు మించి ఎవరూ అడగలేరు.

హాస్టళ్లు కిక్కిరిసిన ఈ సందుల్లో మంటలు రేగితే ఫైరింజను వెళ్లాల్సింది ఆ దారినే. కాబట్టి ఇది ఇద్దరు పొరుగువారి సొంత విషయం మాత్రమే కాదు. యువ న్యాయవాదులకు నా విన్నపం ఒక్కటే. భాగపంపిణీ దస్తావేజు రాయమని కుటుంబం మీ ముందు కూర్చున్నప్పుడు, ఎవరికెన్ని గజాలని లెక్కవేసే ముందే ‘వెనక వాటాకు దారి ఎటు?’ అని అడగండి. జవాబును ఆ రోజే దస్తావేజులో రాయించండి. అన్నదమ్ములు ఇంకా ఒక మాట మీద ఉన్నప్పుడే ఆ పని సులువుగా అవుతుంది.