ప్రార్థన చేద్దాం, జింక్ మాత్ర మాన్పించొద్దు

ఈ సాయంకాలం మనం మాట్లాడుకునేది రాగి గురించి, లివర్ గురించి. సంఘంలో ఇదేం అంశం అని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపికగా వినండి.

మన చెన్నైలో రాయపేట అనగానే పెద్దవాళ్లకు జమ్మి వెంకటరమణయ్య గారి మందు గుర్తొస్తుంది. 'జమ్మీస్ లివర్ క్యూర్' అని పేరు. పసిబిడ్డల లివర్ గట్టిపడి, పొట్ట ఉబ్బి, కామెర్లు వచ్చి చనిపోయే జబ్బు ఒకటి ఆ రోజుల్లో ఇళ్లను ఖాళీ చేసేది. అందుకే ఆ మందుకు అంత పేరు. ఆ జబ్బుకు కారణం 1980లలో గానీ తేటపడలేదు. పుణెలో ఆనంద్ పండిట్, షీలా భవే, వారితోపాటు బ్రిటన్ వైద్యుడు స్టువర్ట్ టానర్ వెతికి చూస్తే, ఆ పిల్లల లివర్లలో రాగి విపరీతంగా పేరుకుపోయి ఉంది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి నిలవ ఉంచిన పాలు గిన్నెలోని రాగిని పట్టుకుంటాయి. ఎవరి పాపఫలమో అని వెతికితే దొరికేది కాదు. దొరికింది పాలగిన్నెలో. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

అయితే గిన్నె మార్చినా పోని రాగి జబ్బు ఇంకొకటి ఉంది. 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు దాన్ని వివరించాడు, ఆయన పేరే దానికి ఉండిపోయింది. మనం తినే అన్నం, పప్పు, గింజలు అన్నిటిలోనూ కొంచెం రాగి ఉంటుంది. ఒంటికి కావలసింది వాడుకుని, మిగిలినదాన్ని లివర్ పైత్యరసంలోకి తోసేస్తుంది. ఆ తోసే పని చేసే జన్యువు పుట్టుకతోనే చెడితే రాగి లివర్‌లోనే పేరుకుంటుంది, తర్వాత మెదడుకూ ఎక్కుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవైతేనే జబ్బు వస్తుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలు ఈ మాట గట్టిగా వినాలి.

ఇక్కడే సంఘం సంగతి వస్తుంది. బాగా చదివే పిల్లవాడు ఉన్నట్టుండి మార్కులు తగ్గిపోతాడు. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, కోపం పెరుగుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు "దయ్యం పట్టింది అయ్యగారూ" అని మన దగ్గరకే తీసుకొస్తారు. ప్రార్థన చేద్దాం, తప్పకుండా చేద్దాం. ఆ వెంటనే ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికో, స్టాన్లీకో, వేలూరు సి.ఎం.సి.కో పంపిద్దాం. రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో యంత్రంతో చూడటం, ఇవి ఈ పెద్ద ఊళ్లో దొరకనివి కావు.

ఇక జింక్. పిల్లలకు విరేచనాలైతే 14 రోజులు ఇస్తారే, అదే జింక్. అది పేగు గోడలోని కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. ఆ ప్రోటీన్‌కు రాగి అంటే జింక్ కంటే ఎక్కువ మక్కువ. తిండిలోంచి వచ్చిన రాగిని పట్టుకుని రక్తంలోకి వెళ్లనివ్వదు. పేగు కణాలు కొద్దిరోజులకే రాలిపోతాయి కదా, వాటితోపాటు రాగి కూడా మలంలో వెళ్లిపోతుంది. ఉమ్మిలో, జీర్ణరసాల్లో ఊరే రాగి కూడా అలాగే చిక్కుతుంది. రోజులు గడిచేకొద్దీ లోపలికి వచ్చేదానికన్నా బయటికి పోయేదే ఎక్కువవుతుంది, లివర్ మీద బరువు దిగుతుంది. లివర్ కణాల్లోనూ అదే ప్రోటీన్ పెరిగి రాగి హాని చేయకుండా కట్టి ఉంచుతుంది. నెదర్లాండ్స్‌లో 1960లలోనే దీన్ని వాడి చూశారు. అమెరికాలో జార్జ్ బ్రూవర్ ఏళ్ల తరబడి చేసిన పని తర్వాత 1997లో అక్కడి ప్రభుత్వం ఆమోదించింది.

జింక్ నెమ్మదిగా పనిచేస్తుంది, నెలలు పడుతుంది. లివర్ ఇప్పటికే బాగా దెబ్బతిన్నవారికి రాగిని మూత్రంలోకి లాగే పెనిసిలమిన్ లాంటి మందు ముందు ఇస్తారు. అది ఖరీదు ఎక్కువ, జింక్ చవక. చవక కదా అని జబ్బు లేనివాళ్లు సొంతంగా కొని నెలల తరబడి మింగితే ఒంట్లో రాగి కరువై రక్తహీనత, నరాల బలహీనత వస్తాయి. లివర్‌కు మంచిదట అని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి. ఈ జబ్బున్నవారు ఇప్పుడు ఫ్యాషనైన రాగి బాటిల్ నీళ్లు కూడా తాగకూడదు.

పెద్దవాళ్లకు మామూలుగా రోజుకు 150 మిల్లీగ్రాముల జింక్, మూడు పూటలుగా, భోజనానికి ఎడంగా. వికారం పుడుతుంది. కాలేజీలో మధ్యాహ్నం పూట మాత్ర జారిపోతుంది. ఇలా జీవితాంతం. అందుకే మానేసే ప్రమాదం ఎక్కువ. ఒంట్లో తేలికపడగానే "స్వస్థత పొందాను" అని సాక్ష్యం చెప్పించి మాత్ర ఆపించడం మన కూటాల్లో జరగకూడదు. కొన్ని నెలల్లోనే రాగి మళ్లీ చేరి, లివర్ ఒక్కసారిగా పాడై ప్రాణం పోవచ్చు. ఆ చావుకు లెక్క అడిగితే సేవకులమైన మనం ఏం చెబుతాం? లూకా వైద్యుడని పిల్లలకు సండేస్కూల్లో నేర్పేది మనమే. ఉపవాస ప్రార్థన రోజున కూడా మాత్ర వేసుకోమని మైకులోనే చెబుదాం.

ఇంకొక్క మాట. ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి. ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. లక్షణాలు రాకముందే పట్టుకుంటే జింక్ ఒక్కదానితోనే చాలామంది లివర్ చెడకుండా బతుకుతారు. శ్రీకాకుళం, ఒంగోలు వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబాలకు ఆసుపత్రిలో తమిళంలో చెప్పింది సగమే అర్థమవుతుంది, చీటీ పట్టుకుని తిరిగి వచ్చేస్తారు. తమిళం బాగా వచ్చిన యవనస్థులు, వారంలో ఒక పూట వారితో ఆసుపత్రికి వెళ్లగలిగినవారు, కూటం అయ్యాక కాసేపు ఉండి పేర్లు ఇవ్వండి.