విశ్రాంత జీవితమున విహారము

ఉద్యోగవిరమణానంతరము ప్రొద్దు గడచుట దుష్కరమని తలచు ఓరుగంటివారు ఉషఃకాలమున భద్రకాళీ తటాకపు కట్టపై నొక్కసారి నడచి చూడవలెను. నడక ముగిసి, యింట మనుమల చదువు, పెరటి మొక్కల పోషణ తీరిన పిమ్మట, హనుమకొండలో 1904లో స్థాపితమైన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమున పత్రికాపఠనము కలదు. పఠనముకంటె చర్చ దీర్ఘమగుట సహజమే. సాయంకాలము, 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి.

ఇక దూరయాత్ర యన్నచో రామప్పయే. 1213 నాటి కాకతీయ సేనాని రేచర్ల రుద్రుని యా యాలయమునకు నీటిపై తేలునంత తేలికయగు నిటుకలతో శిఖరము కట్టిరి. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గణింపబడిన దాని మదనికా శిల్పములను తనివిదీర చూచుటకు ఉద్యోగకాలపు సెలవులు చాలెడివి కావు. మోకాళ్లు నొచ్చువారు బస్సున ముందు వరుసలో కూర్చుండుట మేలు. టిఫిను కారియరులో పులిహోర, సంచిలో మందులు మరువరాదు.