మేదఃకణమును గూర్చి స్నాతకులకు



స్థూలకాయుడు గడప దాటి వచ్చినంతనే 'నోరు కట్టుకొను'మని మందలించి పంపివేయుట మన వైద్యవృత్తిలో చిరకాలముగా సాగుచున్నది. కొవ్వు జడపదార్థమనియు, తిండిపోతునకు దేహము విధించిన శిక్షయనియు తలచు ఆ భావమును మీరు నేడు గైకొనిన పట్టముతోబాటు గొనిపోరాదని వేడుకొనుచున్నాను.

సూక్ష్మదర్శినిలో మేదఃకణమును చూచియే యుందురు: ఒకే పెద్ద కొవ్వుబొట్టు లోపలి చోటునెల్ల నాక్రమింపగా, కేంద్రకము అంచునకు ఒత్తుకొనిపోయి, జీవద్రవ్యము పలుచని పొరగా మాత్రమే మిగిలియుండును. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము ఏ లెప్టిన్ జన్యువును గుర్తించెనో, ఆ లెప్టిన్‌ను స్రవించి నిల్వలు చాలినవని మెదడునకు తెలుపునదియు, అడిపోనెక్టిన్‌ను వెలువరించి ఇన్సులిన్‌కు తోడ్పడునదియు ఆ పలుచని పొరయే. అట్టి కణము మేర మీరి ఉబ్బినపుడు ప్రాణవాయువునకై అలమటించును; అడిపోనెక్టిన్ సన్నగిల్లును; మృతకణముల చుట్టును భక్షకకణములు మూగి తాపజనక ద్రవ్యములను చిమ్మును; గాదె నిండిన పిదప ధాన్యము వాకిట బడునట్లు, అచట పట్టని కొవ్వు కాలేయమునకును కండరములకును క్లోమమునకును చేరి, మధుమేహమునకు, హృద్రోగమునకు త్రోవ తీయును. లైపోడిస్ట్రఫీ ఇందులకు ప్రబల సాక్ష్యము. పుట్టుకతోనే మేదోధాతువు కొరవడిన ఆ రోగులు, చూపునకు కొవ్వే లేనివారయ్యును, కొవ్వు పేరుకొనిన కాలేయముతోను తీవ్రమధుమేహముతోను బాధపడుదురు. దాచుకొను చోటు లేమియే వారి వ్యాధి.

మన దేశీయులకు ఈ విషయము మిక్కిలి సన్నిహితము. పుణె వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యులు జాన్ యుడ్కిన్ తమ యిరువుర ఛాయాచిత్రమును 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇరువురి దేహభార సూచియు 22.3; మేదస్సు మాత్రము యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము! కావున, బక్కపలుచనివాడని యెవ్వరిని పరీక్షింపక పంపివేయకుడు. బరువు తూచిన పిదప నడుమునకు టేపు చుట్టి చూడుడు. పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించినచో రక్తములోని చక్కెరను తప్పక పరీక్షింపుడు.

చెన్నైలో రామచంద్రన్ బృందము 2006లో ప్రకటించిన పరిశోధనను, బరువు తగ్గలేదని క్రుంగిపోయిన రోగులకు వినిపింపుడు: మధుమేహపు టంచున నున్నవారిలో ఆహారనియమము, వ్యాయామము కలిసి, శరీరభారము చెప్పుకొనదగినంత తగ్గకుండగనే, వ్యాధి సోకుటను 28.5 శాతము తగ్గించినవి.