కాదనగలిగిన కడప మనిషి

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, మీ బేతంచెర్లలో చాలా ఇళ్ళకు అన్నం పెట్టేది నాపరాయి. గనిలో రాయి తీసేవాళ్ళు, కోత మిషను దగ్గర నిలబడేవాళ్ళు, పాలిష్ పట్టేవాళ్ళు, బండలు లారీకెత్తేవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉన్నారు. వారం చివర చేతికొచ్చే కూలితో బియ్యం, నూనె, కందిపప్పు ఎంత వస్తాయో మీ అమ్మలకు తెలిసినంతగా ఏ ఆర్థికవేత్తకూ తెలియదు. కూలి అంతే ఉండి ధరలు పెరిగితే, జేబులో డబ్బు ఎవరూ దొంగిలించకుండానే తగ్గిపోతుంది. అలా తగ్గిపోకుండా చూడాల్సిన సంస్థ భారత రిజర్వు బ్యాంకు. దాన్ని ఐదేళ్ళు నడిపిన మన సీమ మనిషి గురించి ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. నేను బ్యాంకు ఉద్యోగం చేసినదాన్ని. ఆయన తీసుకున్న నిర్ణయాలు మా బల్లల మీదికి సర్క్యులర్లుగా వచ్చేవి.

ఆయన యాగా వేణుగోపాల్ రెడ్డి. పత్రికలు వై.వి. రెడ్డి అని రాస్తాయి. 1941 ఆగస్టు 17న కడప జిల్లా రాజంపేట దగ్గర పాటూరులో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చేసి, ఉస్మానియాలో పీహెచ్‌డీ పట్టా తీసుకున్నారు. 1964లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేశారు. 2003 సెప్టెంబరు 6 నుంచి 2008 సెప్టెంబరు 5 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన దువ్వూరి సుబ్బారావు గారు ఏలూరులో పుట్టినవారు. అంటే 2003 నుంచి 2013 దాకా వరుసగా పదేళ్ళు మన దేశపు నోటు మీద తెలుగువాళ్ళ సంతకమే ఉంది.

ఆ సంతకానికి చట్టం ఇచ్చిన బలం ఎంత? చాలా తక్కువ. గవర్నరును నియమించేది కేంద్ర ప్రభుత్వం. తొలగించే అధికారమూ దానిదే. రిజర్వు బ్యాంకు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, గవర్నరుతో సంప్రదించాక, ప్రజా ప్రయోజనం కోసమంటూ ప్రభుత్వం బ్యాంకుకు ఆదేశాలు కూడా ఇవ్వవచ్చు. 1935లో బ్యాంకు పుట్టినప్పటి నుంచీ ప్రభుత్వంతో ఈ గొడవ ఉంది. మొదటి గవర్నరు ఆస్బర్న్ స్మిత్ తెల్లదొరే అయినా, వడ్డీ రేటు మీదా రూపాయి మారకం మీదా వైస్రాయి ప్రభుత్వంతో పడక 1937లో వెళ్ళిపోయారు. స్వతంత్రం వచ్చాక బెనెగల్ రామారావు ఏడేళ్ళకు పైగా గవర్నరుగా ఉండి, ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారితో విభేదించి 1957 జనవరిలో రాజీనామా చేశారు. రిజర్వు బ్యాంకు తన శాఖలో ఒక విభాగమేనని ఆ మంత్రి అభిప్రాయం. నెహ్రూ గారు మంత్రి పక్షాన నిలిచారు.

కాబట్టి మన దేశంలో గవర్నరు స్వాతంత్ర్యం కాగితం మీద దొరికేది కాదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి రోజూ సంపాదించుకోవాలి. వేణుగోపాల్ రెడ్డి గారు దాన్ని ఎలా సంపాదించారన్నదే నా మాటలకు కేంద్రం. ఒకసారి ఎవరో అడిగితే, రిజర్వు బ్యాంకుకు పూర్తి స్వాతంత్ర్యం ఉందనీ, ఆ సంగతి చెప్పడానికి ఆర్థికమంత్రి అనుమతి తీసుకునే వచ్చాననీ ఆయన అన్నారు. సభ నవ్వింది. కానీ ఆ మాటలో ఆయన పని పద్ధతి అంతా ఉంది. హద్దు ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఆ హద్దు లోపల ఒక్క అంగుళం కూడా వదులుకోలేదు.

ఈ పట్టుదల వెనక 1991 ఉంది. అప్పుడు ఆయన ఢిల్లీలో ఆర్థిక మంత్రిత్వ శాఖలో సంయుక్త కార్యదర్శి. విదేశీ చెల్లింపుల వ్యవహారం ఆయన బల్ల మీదే ఉండేది. దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. రిజర్వు బ్యాంకు ఖజానా నుంచి దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశానికి తరలించి, తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. కరువు ఏడాది మంగళసూత్రం కుదువ పెట్టిన ఇళ్ళు మన సీమలో ఎన్నో ఉన్నాయి. అప్పు దొరకడానికీ గౌరవం పోవడానికీ మధ్య దూరం ఎంతో ఆ ఇళ్ళకు తెలుసు. దేశం ఆ దశకు చేరడాన్ని దగ్గరుండి చూసిన అధికారి, పన్నెండేళ్ళ తర్వాత గవర్నరు అయ్యాక, మంచి రోజుల్లోనే జాగ్రత్త పడాలని అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టారో నాకు అర్థమవుతుంది.

1991కీ, ఆయన గవర్నరు కావడానికీ మధ్యలో ఇంకో ముఖ్యమైన పని జరిగింది. 1950ల నుంచి ఒక అలవాటు నడిచింది. కేంద్రానికి డబ్బు తక్కువైతే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు రాసిచ్చేది, రిజర్వు బ్యాంకు సొమ్ము ఇచ్చేది. అడ్డూ అదుపూ లేదు. అలా కొత్తగా పుట్టిన డబ్బు చివరికి బజారులో ధరలై తేలేది. సి. రంగరాజన్ గవర్నరుగా, మన రెడ్డి గారు డిప్యూటీ గవర్నరుగా ఉండగా, 1997 మార్చి ఆఖరుతో ఆ అలవాటు ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో గోవాలో విదేశీ మారక వ్యాపారుల సభలో, లెక్కల ప్రకారం రూపాయి విలువ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తోందని రెడ్డి గారు చెప్పారు. మార్కెట్ అదిరిపడి రూపాయి జారింది. విమర్శలు వచ్చాయి. ఆసియా దేశాల కరెన్సీలు కూలుతున్న ఆ నెలల్లో, మన రూపాయి ముందే కొంత సర్దుకోవడం మేలే చేసిందని నా నమ్మకం.

ఇక ఆయన గవర్నరుగిరీ. 2004 నుంచి 2008 దాకా దేశం ఏటా తొమ్మిది శాతానికి అటూ ఇటూ పెరుగుతోంది. భూమి ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఎవరిని కదిపినా అపార్ట్‌మెంటు, ప్లాటు, షేర్లు. బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. విదేశీ డబ్బు ఇక్కడికి వరదలా వచ్చింది. అలాంటి సమయంలో ఆగండి అనే మనిషిని ఎవరు ఇష్టపడతారు?

ఆయన ఏం చేశారో ఒక్క లెక్కతో చెబుతాను, అర్థశాస్త్రం చదవనివాళ్ళకు కూడా తెలియాలి. బ్యాంకు అప్పిచ్చేది డిపాజిటర్ల డబ్బు. ఆ అప్పు మునిగితే తట్టుకోవడానికి బ్యాంకు తన సొంత మూలధనం కొంత పక్కన ఉంచాలి. ఎంత ఉంచాలన్నది ఆ అప్పుకు రిజర్వు బ్యాంకు కట్టిన ప్రమాదపు విలువను బట్టి ఉంటుంది. 2004 డిసెంబరులో ఇంటి అప్పులకు ఆ విలువను 50 నుంచి 75 శాతానికి పెంచారు. వాణిజ్య భవనాల అప్పులకు 2005లో 100 నుంచి 125కు, 2006లో 150కి పెంచారు. తొమ్మిది శాతం నిబంధన ప్రకారం, వాణిజ్య భవనానికి వంద రూపాయలు అప్పిస్తే మునుపు తొమ్మిది రూపాయలు పక్కన పెట్టిన బ్యాంకు ఇప్పుడు పదమూడున్నర పెట్టాలి. అప్పు ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. ఇచ్చేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించేలా చేశారు. అప్పుల్ని కట్టగట్టి అమ్మి, రాబోయే లాభాన్ని ఈ రోజే లెక్కలో రాసుకునే పద్ధతి అమెరికాను ముంచింది. దాన్ని ఇక్కడ 2006 ఫిబ్రవరిలోనే కట్టడి చేశారు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వ, సీఆర్‌ఆర్, 2004లో నాలుగున్నర శాతం. 2008 ఆగస్టు నాటికి తొమ్మిది. అంటే సరిగ్గా రెట్టింపు.

బ్యాంకు శాఖల్లో విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. బిల్డర్లు మండిపడ్డారు. పత్రికలు పాతకాలపు మనిషి అని రాశాయి. ఢిల్లీకి ఎదుగుదల అంకె కావాలి, వడ్డీ తగ్గాలి. అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం గారితో ఆయనకు చాలా విషయాల్లో పొసగలేదు. విభేదం ఒక దశలో ముదిరితే, తానే వెళ్ళి బేషరతుగా క్షమాపణ చెప్పానని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. మనిషితో మర్యాద వేరు, విధానంలో పట్టు వేరు అని తెలిసినవాడే అలా చేయగలడు.

2008 సెప్టెంబరు 5న ఆయన పదవీ విరమణ చేశారు. పదో రోజు, 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ఆ తర్వాత ప్రపంచంలో పేరున్న బ్యాంకులు వరుసగా ప్రభుత్వాల ముందు చేతులు చాచాయి. మన బ్యాంకు ఏదీ కూలలేదు. వేణుగోపాల్ రెడ్డి లాంటివాడు అమెరికా కేంద్ర బ్యాంకుకు అధిపతిగా ఉంటే ఆ దేశం అంత చిక్కుల్లో పడేది కాదని నోబెల్ గ్రహీత జోసెఫ్ స్టిగ్లిట్జ్ అన్నారు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్ట బలం, తూము జాగ్రత్త నీళ్ళు రాకముందే చూసుకోవాలని మన సీమ పెద్దలకు ఆరున్నర శతాబ్దాల కిందటే తెలుసు. రెడ్డి గారు నింపిన చెరువుకు తూము ఎత్తింది సుబ్బారావు గారు. 2008 అక్టోబరు నుంచి 2009 జనవరి లోపల సీఆర్‌ఆర్‌ను తొమ్మిది నుంచి ఐదుకు దించి, ఎండిపోతున్న వ్యవస్థలోకి డబ్బు వదిలారు. ముందున్నవాడు నిల్వ చేయకపోతే వెనక వచ్చినవాడు దేన్ని వదిలేవాడు?

ఒక మనిషిని నెత్తిన పెట్టుకుంటే నిజం మరుగున పడుతుంది, కనుక ఇదీ చెప్పాలి. మన బ్యాంకులు నిలబడటానికి ఆయన ఒక్కరే కారణం కాదు. చాలా బ్యాంకులు ప్రభుత్వానివి, జనానికి నమ్మకం ఉంది. విదేశీ డబ్బు రాకపోకలకు పాత కట్టుబాట్లు కూడా ఉన్నాయి. పైగా తర్వాతి పదేళ్ళలో బ్యాంకుల్ని కుంగదీసిన మొండిబకాయిల్లో చాలా వరకు 2006-08 నాటి భారీ ప్రాజెక్టుల అప్పులేనని, సుబ్బారావు గారి తర్వాత గవర్నరైన రఘురామ్ రాజన్ చెప్పారు. భూమి వైపు కట్ట పటిష్ఠంగా వేశారు కానీ, పెద్ద కంపెనీల వైపు అంత గట్టిగా వేయలేదని నా అభిప్రాయం.

మీ ఊరికి రెడ్డి గారి వల్ల దక్కింది ఇంకొకటి ఉంది. ఒకప్పుడు గని కూలీ బ్యాంకు గడప తొక్కాలంటే కనీస నిల్వ ఉండాల్సి వచ్చేది, కాగితాలుండాల్సి వచ్చేది, తెలిసినవాడు ఉండాల్సి వచ్చేది. 2005 నవంబరులో, నిల్వ లేకపోయినా, లేదా నామమాత్రంగా ఉన్నా ఖాతా తెరవాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. మరుసటి ఏడాది జనవరిలో, శాఖ లేని ఊళ్ళలో ప్రతినిధుల ద్వారా సేవలు అందించే వీలు కల్పించింది. 2014 జన్‌ధన్ ఖాతాలకు పునాది అక్కడుంది. వేరే బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీస్తే బాదే రుసుముకు కళ్ళెం వేసిన ఆదేశం కూడా 2008 మార్చిలో ఆయన హయాంలోనే వచ్చింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచాలని సిఫారసు చేసిందీ ఆయన అధ్యక్షతలోని పద్నాలుగో ఆర్థిక సంఘమే. ఆయనకు 2010లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

గవర్నరు మాట చెల్లని దేశంలో ఏమవుతుందో తెలుసుకోవాలంటే తుర్కియే వైపు చూడండి. 2019 జులై నుంచి 2021 మార్చి లోపల అక్కడి అధ్యక్షుడు ముగ్గురు గవర్నర్లను తీసేశారు. వడ్డీ పెంచడం ఆయనకు ఇష్టం లేదు. 2022 అక్టోబరులో అక్కడ ధరల పెరుగుదల 85 శాతం దాటింది. ఏడాది కిందట వందకు వచ్చిన సరుకు నూట ఎనభై ఐదు అన్నమాట. దాని భారం మోసింది అధ్యక్షుడు కాదు, వారం కూలి మీద బతికేవాళ్ళు.

పిల్లలూ, మీలో కొందరు రేపు పంచాయతీలో గుమస్తాలవుతారు, కొందరు బ్యాంకు క్యాషియర్లు, కొందరు ఫ్యాక్టరీ లెక్కలు చూస్తారు. సంతకం పెట్టమని మీ ముందుకు కాగితం వస్తుంది. అందులో తప్పుంటే, మీ అభిప్రాయం మర్యాదగా, స్పష్టంగా, రాతపూర్వకంగా పెట్టండి. పైవాళ్ళు వినకపోవచ్చు. రాసింది మాత్రం ఫైల్లో ఉంటుంది.

చివరిగా ఒక విన్నపం. రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి అధికారుల ఉద్యోగాలకు పరీక్ష పెడుతుంది. డిగ్రీలో అరవై శాతం మార్కులు, 21 నుంచి 30 లోపు వయసు ఉంటే జనరల్ విభాగానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మార్కుల్లోనూ వయసులోనూ సడలింపు ఉంది. ఏ ఊరి కాలేజీలో చదివావని ఆ పరీక్ష అడగదు. పాటూరు నుంచి ఒకరు వెళ్ళారు. బేతంచెర్ల నుంచి మీరు వెళ్ళండి. ఈసారి ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టండి.