మాటకు అర్థం పెట్టేది మనమే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాటల అర్థాలు మారడం కొత్త సంగతి కాదు. తెలుగు క్లాసులో అర్థవిపరిణామం పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. నువ్వుల నుంచి తీసిందే ఒకప్పుడు నూనె. ఇప్పుడు పల్లీనూనె, కొబ్బరినూనె కూడా నూనెలే. కైంకర్యం అంటే దేవుడికి చేసే సేవ. ఇప్పుడు సొమ్ము కైంకర్యం చేశాడంటే కాజేశాడని. మన లాల్‌దర్వాజా బోనం కూడా భోజనం అన్న మాట నుంచి వచ్చిందే.

ఆ మార్పులకు తరాలు పట్టాయి. ఇంటర్నెట్ వచ్చాక మాత్రం ఒకే ఇంట్లో ఒకే మాటకు రెండు అర్థాలు నడుస్తున్నాయి. మన చిన్నప్పుడు డాక్టర్ ‘వైరల్’ అంటే అమ్మ భయపడేది. ఇప్పుడు మనవరాలి పాట వైరల్ అయిందని మిఠాయిలు పంచుతున్నాం. స్టేటస్ అంటే జన్మంతా కష్టపడి సంపాదించుకునే హోదా. ఇప్పుడది 24 గంటల్లో మాయమయ్యే ఫోటో.

ఇవి నవ్వుకునే సంగతులు. ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. అది మన ఊరి పేరు, పాతబస్తీ.

ఉర్దూలో బస్తీ అంటే జనం కాపురముండే చోటు. కోస్తా పల్లెల్లో బస్తీ అంటే పట్టణం. హైదరాబాద్‌లో అది పేదల వాడ అయింది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల పేరులో ఉన్నది ఆ అర్థమే. 1591లో చార్మినార్ కట్టినప్పుడు ఇది కొత్త నగరం. మూసీ అవతల ఊరు పెరిగాక పాతదయింది.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే పాతబస్తీ పక్కన ఎక్కువగా కనిపించే మాటలు ఉద్రిక్తత, దాడి, హల్‌చల్. ఏ మాట పక్కన ఏ మాట పదేపదే కనిపిస్తే దాని రంగు దీనికి అంటుకుంటుంది. కూకట్‌పల్లిలోనో, అమెరికాలోనో పెరిగిన మన పిల్లలకు చేరుతున్న అర్థం అదే. లాడ్‌బజార్ లక్కగాజులు, రంజాన్ సాయంత్రాల హలీం, ఆషాఢంలో ఘటాల ఊరేగింపు, ఒకే బెంచీ మీద వినిపించిన సలాం, నమస్తే: మనకు తెలిసిన ఈ అర్థం మన దగ్గరే ఆగిపోయింది.

నిఘంటువు రాసేవారు అర్థాలు పుట్టించరు; జనం వాడుక చూసి రాస్తారు. ఆ వాడుక ఇవాళ మన వేళ్ల కొసల్లో ఉంది. అందుకే ఒక్క కోరిక. శుభోదయం బొమ్మలు కాస్త తగ్గించి, మీ గల్లీ గురించి పది వాక్యాలు తెలుగులోనో ఉర్దూలోనో రాయండి. పాతబస్తీ అన్న మాట అందులో ఉండాలి. ఆధారాలు దొరికితే మన గుడులు, మసీదులు, బజార్ల చరిత్రను తెలుగు వికీపీడియాకు ఎక్కించండి. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు.

మనం రాయకపోతే మన ఊరి అర్థం ఇతరులే రాస్తారు. సెలవు.