పాకల ఆర్థరు గారు



ఏటా ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు నాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు. పాఠం కన్నా హాజరు పట్టీ మీద ఆయనకు మక్కువ ఎక్కువ. పేరు పిలిచి "హాజరండీ" అనిపించుకుని ఊరుకునేవారు కాదు. "మీ ఇంటిపేరు ఊరు ఎక్కడుందిరా?" అని అడిగేవారు. తెలియకపోతే ఇంటికెళ్లి తాతగారిని అడిగి మర్నాడు చెప్పాలి. అలా పోగైన ఇంటిపేర్లన్నీ నల్ల అట్ట నోటుబుక్కులో ఎక్కించేవారు. ఆ పుస్తకాన్ని మొన్న వాళ్లబ్బాయి నా చేతిలో పెట్టారు. 'క' అక్షరం కింద, కంచర్ల, కందుకూరి, కాళ్లకూరి అన్నీ అయ్యాక, అడుగున చిన్న అక్షరాలతో "కాటన్, దొర: పత్తి?" అని ఉంది. ప్రశ్నార్థకం మాత్రం పెద్దది.

పత్తి కాదు మాస్టారూ.

ఆ అనుమానం మనందరిదీ. నా చిన్నప్పుడు ధవళేశ్వరంలో మా మేనమామ, గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ దొర గుర్రమెక్కిన విగ్రహాన్ని చూపించి, దొరగారు నూలుబట్ట తప్ప కట్టేవారు కాదనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ చెప్పాడు. నేను నమ్మాను. కాటన్ చీర, కాటన్ దొర: తెలుగులో రాత ఒక్కటే, పలుకు ఒక్కటే. ఇంగ్లీషులోనూ అంతే కనక ఆ దేశం వాళ్లు కూడా తరచూ ఇలాగే పొరబడతారు.

బట్ట కాటన్ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దూదిని 'కుతున్' అంటారు. అది ఫ్రెంచి వాళ్ల నోట 'కొతోఁ' అయి, 13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండు చేరింది. ఇంటిపేరు కాటన్ మాత్రం అక్కడి మట్టిలో పుట్టిన మాట. పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే పాక. ఇప్పటి కాటేజీలో మిగిలింది ఆ మాటే. మన 'కొట్టం' కూడా చెవికి దగ్గరగానే ఉంది గాని ఆ రెంటికీ బంధుత్వం కలిపే పని నేను పెట్టుకోను. చెవికి చుట్టాలైన మాటల వెంట పడి మతిపోగొట్టుకున్న పండితులు మనలో తక్కువమంది లేరు.

అసలు రుచి వ్యాకరణంలో ఉంది. పాత ఇంగ్లీషుకు మన భాషకులాగే విభక్తులుండేవి. 'పాకల దగ్గర' అని చెప్పాలంటే 'కొట్' మీద బహువచనపు విభక్తి చేర్చి 'కొటుమ్' అనేవారు. ఎక్కడుంటావు అంటే కొటుమ్. ఆ జవాబే ఊరి పేరైంది. తరవాత భాషలో విభక్తులు రాలిపోయాయి. మాటల్లో రాలిపోయినా ఊరి పేర్లలో అక్కడక్కడా బిగుసుకుపోయి మిగిలాయి. 'కొటుమ్' అరిగి కోటన్, కాటన్ అయింది. కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఉంది, స్టాఫర్డ్‌షైర్లో కాటన్ ఉంది. యార్క్‌షైర్ సముద్రపు ఒడ్డున కోటమ్ అనే ఊళ్లో ఆ 'మ్' ఇంకా వినిపిస్తుంది. ఊరు విడిచి మరో ఊరు వెళ్లినవాడికి పాత ఊరి పేరు ఇంటిపేరై అంటుకుంది. ఒక్క మినహాయింపు చెప్పాలి. సఫోక్ లోని కాటన్ ఊరు పాకలది కాదు, కొడ్డ అనే ఆసామి పేరు మీద వెలిసిందంటారు. కాబట్టి కాటన్‌లందరూ ఒకే ఊరి వాళ్లు కారు, ఒకే వంశమూ కాదు.

ఇప్పుడు మాస్టారి నోటుబుక్కులో 'ప' దగ్గరికి రండి. పాకల. ప్రకాశం జిల్లాలో సముద్రం ఒడ్డున ఆ పేరుతో ఊరే ఉంది. 'పాకలు' అన్న మాటకు ఔపవిభక్తికం పాకల. మన ఇంటిపేర్లు ఎన్నో ఇలా విభక్తి కోసం చెయ్యి చాచినట్టే ఉంటాయి. పాకల, గుడిసెల. వెనక 'వారు' చేరిస్తే గాని వాక్యం నిలబడదు. అర్థం ఒకటే, విభక్తితో బిగుసుకుపోయిన తీరూ ఒకటే. మన పద్ధతిలో పిలిస్తే కాటన్ దొర పాకల ఆర్థరు గారు.

ఇంకో ముచ్చట. దొరగారు 1803 మే 15న పుట్టిన ఇల్లు ఆక్స్‌ఫర్డ్‌షైర్లోని వుడ్‌కోట్. అందులోనూ ఆ 'కొట్' ఉంది. అడవి పాక అన్నమాట. పాకల వారి అబ్బాయి అడవి పాకలో పుట్టాడు. అయితే పాకకు, ఆ ఇంటికి పోలిక లేదు. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన డూమ్స్‌డే లెక్కల్లో పాకల్లో ఉండే బీద రైతులకు 'కొటారీ' అని వేరే వరసే ఉంది. జాగా చిన్నది, చాకిరీ పెద్దది. అలాంటి వాళ్ల వాడ పేరు మోస్తూనే చెషైర్ కాటన్‌లు జమీందారులయ్యారు. ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు కోంబర్‌మియర్ మఠం, దాని భూములూ జార్జి కాటన్‌కు దక్కాయి. ఆ వంశంలోనివాడే 1826లో భరత్‌పూర్ కోటను పట్టిన స్టేపుల్టన్ కాటన్. మన ఆర్థరు ఆయనకు దాయాది, తండ్రి హెన్రీ కాల్వెలీకి పదో కొడుకు. ఇంతమంది కొడుకులకు పంచడానికి మఠాలెక్కడివి? పద్దెనిమిదేళ్లకే మద్రాసు వచ్చాడు.

ఈ పేరు గలవాళ్లలో నాకు అందరికన్నా ఇష్టుడు సర్ రాబర్ట్ కాటన్. 1571లో పుట్టాడు, 1631లో పోయాడు. మఠాలు కూలినప్పుడు చెల్లాచెదురైన రాతప్రతులను వెతికి వెతికి కూడబెట్టాడు. ఆయన బీరువాల తలల మీద రోమను చక్రవర్తుల బొమ్మలుండేవి. ఏ గ్రంథం కావాలన్నా ఏ చక్రవర్తి కింద, ఏ అరలో, ఎన్నోది అని అడగాలి. పాత ఇంగ్లీషు మహాకావ్యం బేవుల్ఫ్ లోకంలో ఒకే ఒక్క ప్రతిగా మిగిలింది. అది విటెల్లియస్ బొమ్మ కింద, మొదటి అరలో పదిహేనో పుస్తకం. బ్రిటిష్ లైబ్రరీలో ఈనాటికీ దాని గుర్తు అదే. 1731 అక్టోబరులో లండన్లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో నిప్పంటుకుంది. పుస్తకాలను కిటికీల్లోంచి విసిరేశారు. బేవుల్ఫ్ బతికింది గాని అంచులు మాడాయి. తరవాత తిరగేసిన ప్రతివాడి వేళ్ల కిందా కొన్ని అక్షరాలు పొడిగా రాలిపోయాయి. తాళపత్రాల మీద పని చేసినవారికి ఆ చప్పుడు తెలుసు. 'కొట్' అంటే పాక అని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే, ఆ భాషలోని రాతలను దాచినవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఒక కాటనే. తన ఇంటిపేరు అర్థాన్ని ఆయన తన బీరువాలోనే పెట్టుకున్నాడు.

మిగతావాళ్లను చప్పున దాటేస్తాను. బిషప్ కాటన్ పేరు తెలుగు తల్లిదండ్రులకు బెంగుళూరు స్కూలు ఫీజుల వల్ల తెలుసు. ఆయన 1866లో కుష్టియా దగ్గర పడవ ఎక్కబోతూ నదిలో పడి మునిగిపోయాడు. సివిల్ సర్వీసు ఉద్యోగం చేసి 1904లో బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ వేరు, మూడుసార్లు ఓపెన్ గెలిచిన గోల్ఫు హెన్రీ కాటన్ వేరు. స్మిత్, జోన్స్‌లాగా అడుగడుగునా తగిలే పేరు కాకపోయినా, తగిలిన చోటల్లా ఏదో ఒకటి జరిగినట్టే ఉంటుంది.

అమెరికాలో ఈ పేరు వింత మలుపు తిరిగింది. 17వ శతాబ్దపు బోస్టన్ బోధకుడు జాన్ కాటన్ ఇంటిపేరు, కూతురి ద్వారా మనవడికి పెట్టిన పేరైంది. ఆ మనవడే కాటన్ మేథర్. మన తాతల పేర్లు మనవలకు వచ్చినట్టే, కాకపోతే ఇక్కడ వచ్చింది ఇంటిపేరు. మూడు వందల ఏళ్ల తరవాత, 1935లో, మిసిసిపీలోని ట్యునికాలో జేమ్స్ కాటన్ పుట్టాడు. నల్లజాతి కుటుంబం, పత్తి చేల పని. వాళ్లమ్మ హార్మోనికా మీద కోడిపెట్ట అరుపూ రైలు కూతా వాయించేదట. అది విని నేర్చి ఆయన బ్లూస్ సంగీతంలో పెద్దవాడయ్యాడు. ఎదురుగా కనుచూపు మేరా తెల్లగా కాటన్, పేరు కాటన్. ఆ పేరుకూ ఆ చేనుకూ సంబంధం లేదని నిఘంటువు చెబుతుంది. అక్కడ నిలబడి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

మన దొరనూ పత్తి వదలలేదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆనకట్ట నిలబెట్టాడు. పక్కన ఉండి పనివాళ్లను సమకూర్చి నడిపించింది వీణం వీరన్న గారు. మరో మంచి ఇంటిపేరు. ఆనకట్ట అయ్యాక దొర చూపు ఎగువకు తిరిగింది. బీరారు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దించాలని ఆయన పట్టు. అమెరికా అంతర్యుద్ధంతో లంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు ఆ మాటకు గిరాకీ వచ్చింది. దుమ్ముగూడెం దగ్గర పని సాగింది కూడా. యుద్ధం ముగిసింది, రైలు వచ్చింది, 1871లో పని ఆపేశారు. కాటన్ కాటన్‌ను మోసుకు రాలేకపోయాడు. ఈ మాట ఇంగ్లీషులో అంటే కొంచెం చవకబారుగా ఉంటుంది, తెలుగులో సరిపోతుంది.

గోదావరి స్నానం చేస్తూ ఆయనను భగీరథుడని సంస్కృతంలో తలుచుకునేవాళ్లు కోనసీమలో ఉన్నారు. ఆ తలపులో ఇంటిపేరే చెబుతారు, ఆర్థరు అనరు.

కిందటి వారం రాజమండ్రి రైలు కోసం బల్ల మీద కూర్చుని ఈ కాగితాలు దిద్దుకుంటుంటే పక్కనున్న పెద్దాయన ఏమిటండీ అవి అని అడిగారు. మాటల్లో ఆయన ఇంటిపేరు పాకల అని తెలిసింది. ఇక ఆగలేక కథంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, కండువాతో తుడుచుకుని, కాసేపు ఆలోచించారు.

"అయితే దొరగారు మా ఇంటిపేరు వారేనన్నమాట. బాగానే ఉంది. గోత్రమేమిటండీ?"