పది రూపాయల చందా

(జనవాడలో పాఠశాల వార్షికోత్సవ సభయందు తల్లిదండ్రుల నుద్దేశించి సంఘము పక్షమున చదివిన ప్రసంగము)



వార్షికోత్సవ దినమున సంఘము పక్షమున నాలుగు మాటలు చెప్పుట మనకు ఆచారము. ఏటేట పరీక్షా ఫలితములను గూర్చియో, భవన నిధిని గూర్చియో చెప్పుచుంటిమి. ఈ యేడు ఒక ఆటయంత్రమును గూర్చి చెప్పదలచితిమి. విని నవ్వువారు నవ్వవచ్చును. కాని గడచిన కొన్ని మాసములలో ఈ విషయమై మా యొద్దకు వచ్చినంతమంది తల్లిదండ్రులు భవన నిధి విషయమై ఎన్నడును రాలేదు.

జరిగినది ఇది. పై తరగతుల బాలురు కొందరు తలకు పది రూపాయల చొప్పున తమలో తాము సొమ్ము పోగుచేసిరి. పాత ఆటయంత్రముల ఆటలను కంప్యూటరుపై ఆడించు ఎమ్యులేటరు అను ప్రోగ్రామొకటి కలదు. దానిని ఒక క్రొత్త జాతి చిన్న కంప్యూటరుపై పనిచేయునట్లు తిరిగి వ్రాయుటకై ఎక్కడివారో చందాలు కోరిరి. మన పాఠశాలకు దాతలిచ్చిన కంప్యూటర్లు ఆ జాతివే యగుటచే బాలురకు ఉత్సాహము కలిగినది. ఒక తల్లి తన కుమారుని నోటుపుస్తకములో చందా పట్టీని చూచి మాకు తెచ్చి యిచ్చినది. ఒక ప్రక్క పేర్లు, ఎదుట రూపాయలు, అడుగున మొత్తము, దాని క్రింద ఇద్దరి సంతకములు. కూడి చూచితిమి. లెక్క సరిగా నున్నది.

ఈ సంగతి పొక్కగానే మూడు విధములైన మాటలు మా చెవిని పడినవి. “చదువుకొమ్మని పంపితే ఆటలకు చందాలు వేయుచున్నారు, శిక్షింపుడు” అని ఒకరు. “ఇది దొంగ సరకు, రేపు పోలీసులు వత్తురు” అని మరియొకరు. “మేమిచ్చిన చేతిఖర్చు, మీకేల?” అని వేరొకరు. ముగ్గురును మన తల్లిదండ్రులే, ముగ్గురును పిల్లల మేలు కోరినవారే. కావున ముగ్గురికిని సమాధానము చెప్పుట మా విధి.

మొదట ఆ వస్తువేమో తెలియవలెను. బీదరు జిల్లా వాసులమైన మనకు దుబాసీ యనగా ఎవరో చెప్పనక్కరలేదు. మనకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, బజారున ఉర్దూ, పొరుగున మరాఠీ. ఒకరి మాట మరియొకరికి అందించువాడు లేనిదే మన తాతల కాలమున ఒక్క దస్తావేజైనను సాగెడిది కాదు. ఎమ్యులేటరును అట్టి దుబాసీయే. ప్రతి యంత్రమునకును ప్రాసెసరు అను గుండెకాయ కలదు. అది తన భాషను తప్ప వేరొక భాష నెరుగదు. 1994లో జపానున వెలువడిన సోనీ ప్లేస్టేషనులోని ప్రాసెసరుది మిప్స్ అను భాష. మన చేతి ఫోనులలో నున్నది ఆర్మ్ అను వేరొక భాష. అందుచే మొదటిదాని కొరకు వ్రాసిన ఆట రెండవదానికి ఒక్క ముక్కయు బోధపడదు. నడుమ ఎమ్యులేటరు కూర్చుండి, ఆట ఇచ్చు ప్రతి ఆజ్ఞను చదివి, ఆ మాటనే ఈ యంత్రపు భాషలో చెప్పును.

దుబాసీలలో రెండు రకములు కలరు. ఒకడు మాట మాటకు ఆగి అనువదించును. పని నెమ్మదిగా సాగును. రెండవవాడు ఒక భాగమునంతయు ఒక్కమారు అనువదించి కాగితముపై వ్రాసియుంచుకొని, మరల ఆ భాగము వచ్చినప్పుడు దానినే చదువును. పని వేగముగా సాగును. వేగము కావలసిన ఎమ్యులేటర్లు పెక్కు రెండవ పద్ధతినే అనుసరించును. కాని అందొక చిక్కు కలదు. కన్నడములో వ్రాసియుంచుకొన్న కాగితము మరాఠీ వారి యెదుట పనికిరాదు కదా! అట్లే ఎమ్యులేటరును ఒక జాతి ప్రాసెసరునుండి మరియొక జాతికి మార్చవలసినప్పుడు ఆ అనువాద భాగమును తిరిగి వ్రాయవలసియుండును. దీనినే పోర్టింగు అందురు. ఇది ఒక పూటలో తెమలు పని కాదు. ఉద్యోగము చేసుకొని ఇంటికి వచ్చినవారు రాత్రులు కూర్చుండి మాసముల తరబడి చేయు పని. అందుకే చందా అడుగుదురు.

ఇంతకును పాత ఆటలపై ఇంత శ్రమ ఏల యని మీరడుగవచ్చును. యంత్రము చచ్చును, అందుకొరకు వ్రాసిన కృతి దానితో చావనక్కరలేదు. సోనీవారి పీఎస్పీ అను చేతి ఆటయంత్రము 2004లో వచ్చినది, 2014 నాటికి దాని తయారీ నిలిచిపోయినది. స్వీడను దేశీయుడైన హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో పీపీఎస్‌ఎస్‌పీపీ అను ఎమ్యులేటరును ఆరంభించి ఆ ఆటలను ఫోనులపైకి తెచ్చెను. దాని సోర్సు కోడు, అనగా ప్రోగ్రాము వ్రాసిన మూల ప్రతి, ఎవరైనను చదువుకొనుటకు, మార్చుకొనుటకు తెరచియుంచబడినది. ప్రోగ్రాము ఉచితము. తోడ్పడదలచినవారు గోల్డ్ అను ప్రతిని కొందురు. ఆటలో రెంటికిని భేదము లేదు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మామే అను ప్రోగ్రామును వెలువరించెను. నాణెము వేసి ఆడు పెద్ద ఆటపెట్టెలు చెడిపోయినను వాటి నిర్మాణ రహస్యము మాసిపోకుండ కాపాడుట దాని పని. 2016 నుండి అదియు పూర్తిగా ఓపెన్ సోర్సు. తాళపత్రములు చెదపట్టకముందే కాగితముపైకి ఎక్కించిన మన పెద్దల శ్రమకును ఈ శ్రమకును పోలిక కలదు.

ఇక చందా మాట. క్రౌడ్‌ఫండింగ్ అని దీనికి ఇప్పుడొక పేరు పెట్టిరి గాని, ఇది మనకు క్రొత్త కాదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చందాదారులను చేర్చుకొని, తెలుగున చరిత్ర గ్రంథములను, శాస్త్ర గ్రంథములను ప్రకటించిరి. అప్పుడు మన బీదరును ఆ నిజాము రాజ్యముననే యున్నది. 1976లో శ్యాం బెనెగళ్ తీసిన మంథన్ చిత్రమునకు గుజరాతు పాలరైతులు అయిదు లక్షలమంది తలకు రెండు రూపాయల చొప్పున ఇచ్చిరి. మన పాఠశాల మాత్రము దేనిపై నిలిచినది? 1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయి బీదరు మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు మన తెలుగువారము అల్పసంఖ్యాకులమైతిమి. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు పాఠశాల నడుపుకొను హక్కు నిచ్చినది. కాని నల్లబల్ల కొనియివ్వలేదు. నల్లబల్ల చందాలతోనే వచ్చినది. కావున చందా పట్టీ వ్రాసినందుకు పిల్లలను దండింపవలెనన్న, మొదట మమ్ములను దండింపవలసియుండును.

అయితే చందాలన్నియు ఒకటి కావు. ఇచ్చిన సొమ్ముతో పుట్టిన వస్తువు చివరకు ఎవరి చేతిలో నిలుచును? అసలు ప్రశ్న ఇదియే. ఒక ఉదాహరణము చెప్పెదము. హాలెండు దేశమున టోన్ రోసెండాల్ అనునతడు బ్లెండరు అను ప్రోగ్రామును నిర్మించెను. కంప్యూటరుపై బొమ్మలను చేసి కదిలించు సాధనమది. 2002లో దానిని నడుపు కంపెనీ మూతపడినది. లక్ష యూరోలు చెల్లించినచో సోర్సు కోడును విడుదల చేయుదుమని పెట్టుబడిదారు లొప్పుకొనిరి. ఆ యేడు జూలై 18న చందా ఆరంభమైనది. ఏడు వారములలో లక్ష యూరోలు పోగైనవి. అక్టోబరు 13న ఆ కోడు లోకమునకంతకు విడుదలైనది. నాటినుండి దానిని ఎవరును తిరిగి బీరువాలో పెట్టి తాళము వేయజాలరు. 2025లో ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారు బహుమతి పొందిన లాట్వియా చిత్రము ‘ఫ్లో’ బ్లెండరుతోనే తీయబడినది. ఆ ప్రోగ్రామునే మన పిల్లలు నేడు ఒక్క రూపాయి చెల్లింపక వాడుకొనవచ్చును. ఓపెన్ సోర్సు లైసెన్సు మహిమ ఇది. దాత ఇచ్చినది దాతకును, దాత కానివానికిని సమముగా దక్కును. ఊరిబావి త్రవ్వించిన చందా వంటిది.

దొంగ సరకు అన్న సందేహమునకును సమాధానము కావలెను. 2000 సంవత్సరమున అమెరికాలో సోనీ కంపెనీకిని కనెక్టిక్స్ అను కంపెనీకిని జరిగిన వ్యాజ్యమున, ఎమ్యులేటరు నిర్మించుటకై యంత్రపు పనితీరును పరిశోధించుట న్యాయమైన వినియోగమేయని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయితే దుబాసీ వేరు, దుబాసీ చదువు పుస్తకము వేరు. ఆటను కొనక దాని నకలును ఎక్కడినుండియో తెచ్చుకొనుట హక్కుదారుల సొత్తును హరించుటయే. 2024 ఫిబ్రవరిలో నింటెండో కంపెనీ యూజూ అను ఎమ్యులేటరు నిర్మాతలపై దావా వేసినది. తమ ఆటలకు వేసిన తాళములను ఛేదించుటకు తోడ్పడినారని అభియోగము. యూజూ ఓపెన్ సోర్సే, నెలనెల చందాలు పొందుచున్నదే. అయినను మార్చి మొదటనే ఇరువది నాలుగు లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని నిర్మాతలు దానిని మూసివేసిరి. చందా ఇచ్చినవారి సదుద్దేశము దానిని కాపాడలేదు.

ఇవన్నియు విచారించి మేము బాలురను పిలిచి నాలుగు ప్రశ్నలు వ్రాసి యిచ్చితిమి. చందా అడుగువారెవరు, వారు ఇదివరకు ముగించిన పని యేది? పూర్తియైన కోడు ఓపెన్ సోర్సు లైసెన్సుతో అందరికిని దక్కునా? అనుకొన్న మొత్తము పోగుకానిచో, పని నడుమ నిలిచిపోయినచో, సొమ్ము ఏమగును? తాళములు ఛేదించు పనియేమైనను అందు కలదా? సమాధానములు మీరే వెదకి తెండని చెప్పితిమి. బాలురు వారము దినములు వెదకిరి. మొదటి ప్రశ్నకును నాలుగవ ప్రశ్నకును తృప్తికరమైన సమాధానములే దొరకినవి. రెండవదానికి స్పష్టమైన మాట లేదు. మూడవదానిని గూర్చి అసలు ప్రస్తావనయే లేదు. అందుచే సొమ్ము పంపవలదని నిర్ణయించితిమి.

ఇక్కడ మా లోపమొకటి ఒప్పుకొనవలెను. మేము పంపవలదన్న మూడునాళ్లకే, చందా అడిగినవారు రెండవ ప్రశ్నకు సమాధానము ప్రకటించిరి. కోడు అందరికిని దక్కునట. ఆ సంగతి మాకు తెలియునప్పటికి గడువు ముగిసినది. ఒక బాలుడు మా యెదుట నిలిచి, “పెద్దలు అన్నియు తేలువరకు ఆగుదురు, అంతలో బండి వెళ్లిపోవును” అనెను. అతనిని మందలింపలేకపోతిమి. ప్రశ్నలడిగినందుకు మేము పశ్చాత్తాపపడుట లేదు. కాని ఆ ప్రశ్నలను చందా అడుగువారికే నేరుగా వ్రాసి పంపియున్నచో సమాధానము సకాలమున వచ్చెడిది. మాకది తోచలేదు.

బాలురు మాత్రము ఊరకుండలేదు. ఓపెన్ సోర్సు ప్రోగ్రాములు పెక్కింటిలో తెరపై కనబడు మాటలు వేరొక ఫైలులో ఉండును. ఏ భాషవారైనను వాటిని తమ భాషలోనికి మార్చి పంపవచ్చును. సొమ్ము పంపలేనివారు చేయదగిన చందా ఇది. మన బాలురు ఒక ప్రోగ్రాము మాటలను తెనిగించుటకు పూనుకొనిరి. ‘సేవ్’ అను మాటకు ఒకడు ‘భద్రపరచు’ అనగా, రెండవవాడు ‘దాచు’ అనెను. ఈ వాదము రెండు సాయంత్రములు సాగినది. తెలుగు ఉపాధ్యాయులను పిలిచిరి, ఇండ్ల యందు అమ్మమ్మల నడిగిరి. ‘దాచు’ నెగ్గినది. తెలుగు గంటలో తల యెత్తని బాలుడు తెలుగు మాట కొరకు పోట్లాడుట మేము చూచితిమి.

కనుక తల్లిదండ్రులారా, మీకు మా విన్నపము ఇంతయే. పిల్లవాడు చందా ఇచ్చెదనన్న మొదటనే వలదనకుడు, ఊరక ఇచ్చివేయకుడు. పై నాలుగు ప్రశ్నలను వానిచేతనే అడిగింపుడు. సమాధానములు సరిగా నున్నచో, మీరును పది రూపాయలు చేర్చి, పట్టీలో మీ పేరును వ్రాయించుకొనుడు. ఆట కొనక ఆడుట వలదని నిక్కచ్చిగా చెప్పుడు. ఆడు వేళకు హద్దు పెట్టుట మీ చేతిలోనిది, దానిని మాపై వేయకుడు.

ఒక భాష తన ఊరినుండి వేరొక సీమకు వచ్చినప్పుడు, దానిని ఎత్తుకొని నడచువారు ఉన్నంతకాలమే బ్రతుకును. యంత్రమున వ్రాసిన కృతియు అంతే. పాత పాత్రనుండి క్రొత్త పాత్రలోనికి పోయువాడు ఒకడు కావలెను, వానికి దీపపు నూనె ఇచ్చువారు పదిమంది కావలెను. మన పిల్లలు ఆ పదిమందిలో చేరవలెనని తమంతట తామే తలచిరి. ఆ బుద్ధిని చెడనీయక, దానికి లెక్క నేర్పుట మన పని.

ఆ పట్టీ ఇప్పుడు సంఘము దస్త్రములలో నున్నది. సొమ్ము పిల్లల పేరనే జమ చేయబడినది. తగిన చందా కనబడిన నాడు, ఈసారి గడువు ముగియకముందే, అది కదలును.